పెళ్లి చేస్తే పిచ్చి కుదురుతుందా?

పర్చూరు చుట్టుపక్కల మిరపకాయలు కల్లాల్లో ఎర్రగా ఆరుతున్న రోజులు. పత్తి తీతలు చివరికొచ్చాయి. యార్డుకు వేసిన టిక్కీల డబ్బు చేతికందితే చాలు, ఇళ్లల్లో పెళ్లిమాటలు మొదలవుతాయి. బట్టలకు చీరాల వెళ్లాలా, గుంటూరు వెళ్లాలా అని చర్చలు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. ఊరు పేరెందుకు? ఏ ఊరైనా కావచ్చు. డిగ్రీ చదివిన పాతికేళ్ల అమ్మాయి. మూడేళ్ల కిందట ఉన్నట్టుండి నిద్ర పోయింది. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనేది. అన్నంలో ఏదో కలిపారనేది. అంత్రాలు కట్టించారు, దర్గాల చుట్టూ తిప్పారు, చివరికి గుంటూరులో సైకియాట్రిస్టుకు చూపించారు. బిళ్ళలు మొదలుపెట్టాక తేరుకుంది. ఇప్పుడు ఇంటి పని చేస్తుంది, చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది, నవ్వుతుంది. ఆ బిళ్ళల అట్ట మాత్రం బియ్యం డబ్బాలో దాగి ఉంటుంది.

సంబంధం వచ్చింది. పిల్ల మేనత్త తల్లిని వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

"బిళ్ళల సంగతి వాళ్లతో చెప్పబాక వదినా. మూడు ముళ్లు పడితే అన్నీ అవే సర్దుకుంటయ్."

"రేపు తెలిస్తేనో?"

"తెలిసేటప్పటికి కడుపు పండుద్దిలే. అప్పుడెవరు వదిలేస్తారు?"

మేనత్తది చెడ్డబుద్ధి కాదు. మేనకోడలి మెడలో తాళి చూడాలన్న ఆశ. కానీ ఆ రెండు మాటల్లోనే ఓ కాపురం కూలిపోవడానికి కావలసిందంతా ఉంది. ఎలాగో చూద్దాం.

సామెత మాటేమిటి?

'పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు' అని మన సామెత. ఏ పనీ ముందుకు సాగని చిక్కులో పడినప్పుడు నవ్వుతూ అంటుంటాం. అయితే మానసిక జబ్బున్న ఇళ్లల్లో దీన్ని నిజమని నమ్ముతున్నారు. సగంమంది మొదటి సగాన్ని పట్టుకుని, పెళ్లినే మందనుకుని జబ్బు దాచి ముడిపెడతారు. తక్కినవాళ్లు రెండో సగాన్ని పట్టుకుని, 'నీకింక పెళ్లేమిటి?' అని ఆ మనిషిని ఓ మూల కూర్చోబెడతారు.

రెండూ తప్పే.

పెళ్లి మందు కాదు. పైగా పెళ్లి రోజుల్లోనే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. కారణం చాలా మామూలుది. కొత్తింట్లో కనపడతాయని బిళ్ళలు ఆపేస్తారు. ముహూర్తం అర్ధరాత్రి. చుట్టాలు, ప్రయాణాలు, కొత్త మనుషులు, వరసగా నాలుగు రాత్రులు నిద్ర ఉండదు. స్కిజోఫ్రీనియాలో మందు ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది. బైపోలార్ జబ్బులో అయితే నిద్ర చెడటమే ఉద్రేకం దశకు తలుపు తీస్తుంది. మాఘంలో పెళ్లి జరిగితే ఉగాదికల్లా పిల్ల పుట్టింట్లో ఉంటుంది. 'పిచ్చిదాన్ని అంటగట్టారు' అన్న మాట ఊరంతా తిరుగుతుంది. నిజానికి ఆ కాపురాన్ని కూల్చింది జబ్బు ఒక్కటే కాదు. దాచడం, మందు ఆపడం కూడా.

ఇంతకీ తీవ్రమైన జబ్బులంటే?

స్కిజోఫ్రీనియా, బైపోలార్, ఇంకా భ్రమలు, భ్రాంతులతో కూడిన జబ్బులను తీవ్రమైన మానసిక వ్యాధులంటారు. 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి జబ్బు వచ్చినవాళ్లు పెద్దవాళ్లలో నూటికి సుమారు 1.9 మంది అని అందులో తేలింది. అంటే వెయ్యిమంది పెద్దవాళ్లున్న ఊళ్లో ఇరవైమంది దాకా! మన వీధిలోనూ ఒకరుండొచ్చు. మనకు తెలియదంతే. వాళ్ల ఇంట్లోనూ బియ్యం డబ్బా ఉంది కదా.

ఈ జబ్బులు ఎక్కువగా మొదలయ్యేది పదిహేను, ముప్పై ఏళ్ల మధ్యలో. సరిగ్గా ప్రేమలు, పెళ్లిళ్లు, కాపురాల వయసులోనే. అందుకే ఈ జబ్బు గురించి మాట్లాడుతూ పెళ్లిమాట ఎత్తకుండా ఉండలేం.

వాళ్లకు మనసుండదా?

'మనసు చెడింది' అంటాం కదా, అందులో ఇంక కోరికలేవీ మిగలవనుకుంటాం. బిళ్ళలు మింగే అబ్బాయి ఎవరినో ఇష్టపడుతున్నానంటే 'మళ్లీ మొదలైంది' అని డోసు పెంచమని డాక్టరు దగ్గరకు పరిగెడతాం. అద్దం ముందు కాసేపు ఎక్కువ నిలబడిన అమ్మాయిని అనుమానంగా చూస్తాం. కానీ ఆకలి, నిద్ర ఎలాగో తోడు కావాలన్న కోరికా అలాంటిదే. జబ్బుతో అది పోదు.

దీనికి మంచి ఉదాహరణ పక్కనే చెన్నైలో ఉంది. అక్కడి కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ 1794లో మొదలైంది. మనవాళ్లు ఎగతాళికి 'ఎర్రగడ్డ' అన్నట్టే తమిళులు 'కీల్పాక్' అంటారు. 2022 అక్టోబర్ 28న ఆ ఆవరణలోని గుళ్లోనే ఒక పెళ్లి జరిగింది. వరుడూ వధువూ ఇద్దరూ అక్కడ చికిత్సకొచ్చి కోలుకున్నవాళ్లే. అక్కడే పరిచయం, అక్కడే ఇష్టం. రాష్ట్ర ఆరోగ్యమంత్రి వచ్చి దీవించారు. రెండు వందల ఏళ్లు దాటిన ఆ సంస్థ చరిత్రలో అదే మొదటి పెళ్లి. ఆలోచించండి... అన్నేళ్లలో అక్కడ ఇంకెవరికీ ఎవరూ నచ్చలేదా? నచ్చి ఉంటారు. అడిగినవాళ్లు, ఒప్పుకున్నవాళ్లు లేరంతే.

ఆ జంట దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఇద్దరికీ ఎదుటివాళ్ల జబ్బు ముందే తెలుసు. బియ్యం డబ్బాలో దాచాల్సిందేమీ లేదు.

మగపిల్లాడికో న్యాయం, ఆడపిల్లకో న్యాయం

చెన్నైలోనే స్కార్ఫ్ అనే సంస్థ ఉంది. స్కిజోఫ్రీనియా మీద పనిచేసే ఈ సంస్థను 1984లో డాక్టర్ శారదా మీనన్ ప్రారంభించారు. అక్కడి డాక్టర్లు జబ్బు మొదటిసారి బయటపడ్డవాళ్లను పదేళ్లపాటు గమనించి 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. జబ్బుంటే పెళ్లి కాదన్నది మన దేశంలో నిజం కాదని అందులో తేలింది. చాలామందికి పెళ్లిళ్లయ్యాయి, కాపురాలూ నిలబడ్డాయి. కాకపోతే పెళ్లి కాకుండా మిగిలినవాళ్లలో మగవాళ్లు ఎక్కువ. పెళ్లయ్యాక విడిపోయినవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ.

ఎందుకంటారా? మనకు తెలియనిదా! భర్తకు జబ్బొస్తే భార్య బిళ్ళలు చేతిలో పెట్టి, కూలికో ఉద్యోగానికో వెళ్లి ఇల్లు నడుపుతుంది. భార్యకు జబ్బొస్తే పెట్టె సర్ది పుట్టింటికి పంపిస్తారు.

అలా పుట్టింటికి చేరిన స్త్రీల గురించి అదే సంస్థ 2003లో ఇంకో పరిశీలన వెలువరించింది. చాలామందికి చట్టప్రకారం విడాకులు కాలేదు. మనోవర్తి అందడం లేదు. చూస్తున్నది ముసలి తల్లిదండ్రులే. 'మా తర్వాత దీన్నెవరు చూస్తారు?' అన్నదే వాళ్ల దిగులు. మనసు కలుక్కుమనే విషయం మరొకటుంది. పిచ్చిదన్న మాట కంటే, మొగుడు వదిలేసిందన్న మాటే తమను ఎక్కువ బాధిస్తోందని చాలామంది చెప్పారు.

చట్టం ఏమంటోంది?

మానసిక జబ్బుంటే పెళ్లి చెల్లదని చాలామంది అనుకుంటారు. అది పూర్తి నిజం కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం చూసేది మూడు సంగతులు. పెళ్లికి తెలిసి ఒప్పుకునే స్థితి ఉందా? కాపురానికీ పిల్లల్ని కనడానికీ పనికిరానంత తీవ్రంగా జబ్బు ఉందా? మతిస్థిమితం పదేపదే తప్పుతోందా? ఒకప్పుడు ఈ జాబితాలో మూర్ఛ కూడా ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. మందులతో అదుపులో ఉండే జబ్బుకు పెళ్లి ఆపడం అన్యాయమని గుర్తించబట్టే కదా!

విడాకుల విషయంలోనూ జబ్బు పేరు ఒక్కటే చాలదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. జబ్బు ఏ స్థాయిలో ఉంది, దానితో కలిసి బతకడం సాధ్యమా కాదా అన్నది చూడాలంది. 2013లో వచ్చిన తీర్పయితే మన తెలుగు జంటదే. ఇద్దరూ డాక్టర్లు. భార్యకు స్కిజోఫ్రీనియా అని భర్త విడాకులడిగాడు. కింది కోర్టు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు హైకోర్టు మాటే నిలబెట్టింది. ఆమె వైద్యవిద్య పూర్తిచేసి, ప్రభుత్వ డాక్టరుగా పనిచేస్తోంది, అలాంటి మనిషికి కాపురం చేయలేనంత జబ్బుందని ఎలా అంటామని అడిగింది. బీపీ, షుగర్‌లాగే ఇదీ క్రమం తప్పకుండా మందులు వాడితే అదుపులో ఉండే జబ్బేనన్న డాక్టర్ల మాటనూ పరిగణనలోకి తీసుకుంది.

2018 మేలో అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకో మెట్టెక్కింది. జబ్బున్నంత మాత్రాన ఆ మనిషిని మతి లేనివాడనో మతి లేనిదనో తీర్మానించకూడదు. ఆ మాట చెప్పాల్సింది కోర్టే.

అయితే చట్టం మేనత్త సలహా వైపు మాత్రం లేదు! ముఖ్యమైన సంగతి దాచి మోసంతో ఒప్పించారని రుజువైతే ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టుకెళ్లొచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోపు వెళ్లాలి, తెలిశాక ఇష్టపడి కాపురం కొనసాగించి ఉండకూడదు. అంటే వెయ్యి అబద్ధాలాడి చేసిన పెళ్లిని ఒక్క నిజం పడగొట్టగలదు. అదే నిజం ముందే చెబితే, తర్వాత 'మోసం చేశారు' అనే హక్కు ఎవరికీ ఉండదు. అమ్మాయికి నిజమే రక్ష.

పడకగది మాటలు డాక్టరుకు చెప్పొచ్చా?

చెప్పాలి. ఎవరూ చెప్పని మాట కాబట్టి మరీ చెప్పాలి.

ఈ జబ్బులకు వాడే కొన్ని మందులు శరీరంలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతాయి. దాంతో నెలసరి తప్పొచ్చు. పిల్లలు లేకపోయినా పాలు పడొచ్చు. కోరిక తగ్గొచ్చు. మగవాళ్లకు అంగస్తంభన సమస్యలు రావచ్చు. బరువు పెరిగి 'నన్నెవరు ఇష్టపడతారు?' అన్న చిన్నతనమూ కలగొచ్చు. చాలామంది ఎవరికీ చెప్పకుండా మందు మానేయడానికి అసలు కారణం ఇదే. కొత్త పెళ్లికొడుకు మందు ఎందుకు ఆపాడో తల్లికి తెలియదు, భార్యకు అర్థం కాదు. డాక్టరు అడగరు, ఇతను చెప్పడు.

దీనికి మార్గం ఉంది. డోసు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. అయితే ఆ పని డాక్టరే చేయాలి. ఆడవాళ్లు ఇంకో విషయం గుర్తుపెట్టుకోవాలి. మందు వల్ల నెలసరి రానంత మాత్రాన గర్భం రాదనుకోవద్దు. మందు మారిస్తే మళ్లీ అండాలు విడుదలై, అనుకోకుండా నెల తప్పొచ్చు.

బైపోలార్ జబ్బులో ఉద్రేకం దశ వస్తే కోరిక విపరీతంగా పెరగడమూ ఉంటుంది. మామూలప్పుడు తలెత్తి మాట్లాడని అమ్మాయి ఆ దశలో ముక్కూమొహం తెలియని వాళ్లను నమ్మి వెళ్లిపోవచ్చు. తర్వాత తేరుకుని కుమిలిపోతుంది. అది నడత చెడటం కాదు, జబ్బు లక్షణం. ఆ సమయంలో కావలసింది తిట్లు కాదు, కాపలా, చికిత్స.

ఆ స్థితిని అలుసుగా తీసుకునే మగవాళ్లూ ఉంటారు. చట్టం వాళ్ల విషయంలో గట్టిగానే ఉంది. మతిస్థిమితం లేక, తను దేనికి ఒప్పుకుంటోందో తెలియని స్థితిలో ఉన్న స్త్రీ 'సరే' అన్నా అది ఒప్పుకోలు కాదు, అత్యాచారమే. మానసిక వైకల్యమున్న స్త్రీ మీద అత్యాచారానికి 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం కనీసం పదేళ్ల కఠిన శిక్ష. పిచ్చిదానికేం తెలుస్తుంది అనే పెద్దమనుషుల పంచాయితీలకు ఇందులో చోటు లేదు.

ఇక్కడే తేడా గమనించండి. తేరుకుని, నిలకడగా ఉండి, ఏం కోరుకుంటోందో తెలిసిన మనిషి ఒప్పుకోలుకు విలువుంది. దాన్ని కాదనే హక్కు మనకు లేదు. జబ్బు ముదిరి ఉన్నప్పటి 'సరే'ను వాడుకునే హక్కు ఎవరికీ లేదు. అదే మనిషి, రెండు వేర్వేరు సమయాలు. పెళ్లిచూపులకైనా ఇదే కొలత. పిల్ల నోరు విప్పి ఒప్పుకుందా, లేక మనమే తల ఊపించామా?

'ఎందుకొచ్చిన గొడవ, ఆపరేషన్ చేయించేద్దాం' అనే తల్లులూ ఉన్నారు. భయం అర్థమవుతుంది. కానీ మానసిక జబ్బుకు చికిత్స పేరుతో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడాన్ని 2017 చట్టం నిషేధించింది. తనకు తెలియకుండా, తను ఒప్పుకోకుండా అలాంటి ఆపరేషన్ చేయకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టమూ చెబుతోంది.

పిల్లలకూ వస్తుందా?

ప్రతి తల్లీ అడిగే ప్రశ్న ఇది. మామూలుగా స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం నూటికి ఒకరికి అనుకుంటే, తల్లికో తండ్రికో ఉన్నప్పుడు బిడ్డకు వచ్చే అవకాశం నూటికి సుమారు పది. ఇద్దరికీ ఉంటే నలభై దాకా పెరుగుతుంది. ఒక్కరికే ఉన్నప్పుడు నూటికి తొంభైమంది పిల్లలకు రాదు. ఈ లెక్క తెలిశాక కనాలా వద్దా అన్నది ఆ దంపతులు తేల్చుకోవాలి. అత్తగారో ఆడపడుచో కాదు.

బిడ్డ కావాలనుకుంటే నెల తప్పాక కాదు, ముందే డాక్టరుతో మాట్లాడండి. ముఖ్యంగా సోడియం వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది. నూటికి సుమారు పదిమంది పిల్లల్లో పుట్టుకతో లోపాలు కనిపిస్తాయి. అలాగని భయపడి సొంతంగా ఆపితే తల్లికి ప్రమాదం. దానికి బదులు వేరే మందులున్నాయి. ఇక కాన్పయిన మొదటి వారాలు చాలా జాగ్రత్త. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి మతి చలిస్తుంది. బైపోలార్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు చాలా ఎక్కువ. ఆ రోజుల్లో బాలింతకు పథ్యం కంటే నిద్ర ముఖ్యం. రాత్రిపూట బిడ్డను మరొకరు అందుకోవాలి.

ఎప్పుడు చెప్పాలి? ఎలా చెప్పాలి?

మొదటిచూపులోనే చెప్పక్కర్లేదు. ఊరందరికీ అసలే చెప్పక్కర్లేదు. ఇద్దరూ ఒకరికొకరు నచ్చాక, తాంబూలాలకు ముందు చెప్పాలి. మధ్యవర్తితో కబురంపడం కాదు. వీలైతే అమ్మాయే అబ్బాయితో, లేదా అబ్బాయే అమ్మాయితో చెప్పాలి. పెద్ద మాటలేం వద్దు. 'నాకు మూడేళ్ల కింద ఫలానా జబ్బు చేసింది. రోజూ మందు వేసుకుంటున్నాను. బాగున్నాను. మందు మానకూడదు. నా డాక్టరుతో మీరే మాట్లాడండి' అంటే చాలు.

సంబంధం తప్పిపోతుందేమో? కొన్ని తప్పిపోతాయి, నిజమే. అయితే ఆ మాట విని లేచివెళ్లేవాళ్లు, పెళ్లయ్యాక తెలిస్తే ఉంటారా? ఇప్పుడు పోతే పోయేది ఒక సంబంధం. అప్పుడు పోతే పోయేది పిల్ల బతుకు.

మగపిల్లల తల్లులకూ ఓ మాట. కొడుకు జబ్బు దాచి, వాడికి సేవ చేయడానికి పేదింటి పిల్లను తెచ్చుకోవడం కూడా మోసమే. ఆ పిల్లకూ మనసుంది.

గుర్తుంచుకోండి

పెళ్లి చికిత్స కాదు. జబ్బు పెళ్లికి అడ్డూ కాదు. కనీసం కొన్నాళ్లు నిలకడగా ఉన్నాకే సంబంధాలు చూడండి. 

పెళ్లి రోజుల్లోనూ బిళ్ళలు ఆపొద్దు. పగటి ముహూర్తం పెట్టించండి, నిద్ర పోనివ్వండి.

ఇబ్బందులేమైనా ఉంటే భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులేమిటో ఇద్దరూ తెలుసుకోండి. చాలామందికి మొదటి గుర్తు నిద్ర తగ్గడమే.

దగ్గర్లో మానసిక వైద్యులు లేరని ఊరుకోవద్దు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు కట్టక్కర్లేదు.

వదిలేసిన భర్త నుంచి మనోవర్తి కోసం కోర్టుల్లోని న్యాయసేవా సంస్థల ద్వారా స్త్రీలకు ఉచితంగా లాయరు దొరుకుతారు.

ఇక మన కథలోని వంటింట్లోకి మళ్లీ వెళ్దాం. మేనత్త సలహాకు తల్లి ఇలా అంటే ఎంత బాగుంటుంది!

"లేదొదినా. అబ్బాయితో దాన్నే చెప్పనిద్దాం. ఇష్టమైతే చేసుకుంటాడు, లేకపోతే లేదు. నా కూతురు బతికినన్నాళ్లు ఆ బియ్యం డబ్బా వంక చూసుకుంటా భయపడతా బతకబళ్లా."

అప్పుడు ఆ బిళ్ళల అట్ట బియ్యం డబ్బాలోంచి బయటికొస్తుంది. వంటింటి గూట్లో, నాన్న షుగర్ మాత్రల పక్కనే దానికీ ఓ చోటు దొరుకుతుంది. ఆ పిల్ల కాపురానికి అంతకంటే మంచి శకునం ఇంకేముంటుంది?